మారతహళ్ళిలో కర్రీ పాయింట్, నెలకు 10,000 యాడ్ బడ్జెట్: ఇన్‌స్టాకా, గూగుల్‌కా, రీల్స్ వాళ్ళకా?

మున్నెకొళాల_మూలమీద

మారతహళ్ళి దాటాక మున్నెకొళాల రోడ్డులో ఒక కర్రీ పాయింట్. పప్పు, పులుసు, రెండు వేపుళ్ళు, రోటి పచ్చడి, ఆదివారం నాటుకోడి. కూర్చుని తినే ఏర్పాటు లేదు, పార్శిలే. డెలివరీ యాప్‌లలో లేదు, ఆర్డర్లన్నీ ఫోన్‌లో, వాట్సాప్‌లో. చుట్టూ పీజీలు, వాటిలో మనవాళ్ళే ఎక్కువ. ఆన్‌లైన్ ప్రచారానికి నెలకు 10,000 పెట్టగలం, అంతకు మించి కాదు. ఒకరేమో ఇన్‌స్టాలో పోస్టులు బూస్ట్ (డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించడం) చెయ్యమంటున్నారు, ఒకరు గూగుల్ యాడ్స్ అంటున్నారు, ఇంకొకరు ఫుడ్ రీల్స్ చేసేవాళ్ళకి 8,000 ఇచ్చి ఒక వీడియో చేయించమంటున్నారు. ఇందులో ఏది దండగ? సెట్టింగులతో సహా చెప్పండి. "కంటెంటే రాజు" లాంటి కబుర్లు చాలా విన్నాం, అవి వద్దు.

యాడ్‌ఖర్చు_శాస్త్రి

ముందు లెక్క చూసుకోండి. యాడ్ ఖర్చు మీద 18% జీఎస్టీ ఉంటుంది. జేబులోంచి మొత్తం 10,000 దాటకూడదంటే యాడ్‌కి మిగిలేది 8,474. రెస్టారెంట్ 5% జీఎస్టీలో ఉంటే ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా) తిరిగి రాదు, పోయినట్టే. అంటే మీ చేతిలో ఉన్నది రోజుకి సుమారు 280. ఇంత చిన్న బడ్జెట్‌ని మూడు చోట్ల పంచితే ఎక్కడా ఏమీ తేలదు.

బూస్ట్ బటన్ జోలికి వెళ్ళకండి. అది పని చెయ్యదని కాదు, కళ్ళెం మన చేతిలో ఉండదు. పైగా ఐఫోన్ యాప్‌లో బూస్ట్ చేస్తే ఆపిల్ 30% సర్వీస్ చార్జీ పడే పద్ధతి ఒకటి ఉంది, 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మొదలైంది. కంప్యూటర్ బ్రౌజర్‌లో మెటా (ఇన్‌స్టా, ఫేస్‌బుక్‌ల కంపెనీ) యాడ్స్ మేనేజర్ తెరిచి చేసుకుంటే ఆ గొడవే లేదు.

అక్కడ ఆబ్జెక్టివ్, అంటే యాడ్ దేనికోసం అని అడుగుతుంది. "అవేర్‌నెస్" కాదు, "ట్రాఫిక్" కాదు. "ఎంగేజ్‌మెంట్" ఎంచుకుని, దాని కింద మెసేజింగ్ యాప్‌లలో వాట్సాప్ పెట్టండి. ఏది అడిగితే అదే ఇస్తుంది ఈ యంత్రం. క్లిక్కులు అడిగితే, కనబడ్డదల్లా నొక్కే అలవాటున్న వేళ్ళని వెతికి తెస్తుంది. వాళ్ళు కూర కొనరు.

లొకేషన్‌లో "బెంగళూరు" అని టైప్ చేస్తే సగం డబ్బు అక్కడే పోయినట్టు. రాజాజీనగర్‌లో ఉన్నవాడు పప్పు కోసం మారతహళ్ళి రాడు. మ్యాప్‌లో పిన్ గుచ్చి రేడియస్ తగ్గించండి, 1 కిలోమీటరు దాకా దిగుతుంది. అయితే ఒక తిరకాసు ఉంది. దుకాణం మీద 3 కిలోమీటర్ల గుండ్రం గీస్తే అవుటర్ రింగ్ రోడ్డు, దాని అవతల యమలూరు వైపు కూడా అందులో పడతాయి. గుండ్రానికి ఫ్లైఓవరూ తెలియదు, యూటర్నూ తెలియదు. ఇంకో సంగతి: ఆ చోట "ఉంటున్నవాళ్ళు లేదా ఈమధ్య వచ్చినవాళ్ళు" అని కలిపే లెక్కేస్తారు. ఇదివరకు ఉంటున్నవాళ్ళని మాత్రమే విడిగా ఎంచుకునే వీలుండేది, తీసేశారు. రింగ్ రోడ్డు మీద బస్సులో పోయేవాడికీ మీ వేపుడు కనబడొచ్చన్నమాట. అందుకని ఒక్క పెద్ద గుండ్రం బదులు, పీజీలు గుంపుగా ఉన్న సందుల మీద 1 కిలోమీటరు పిన్‌లు రెండో మూడో పెట్టండి. రోడ్డు అవతల ఒక పిన్ పెట్టి దాన్ని "ఎక్స్‌క్లూడ్" చెయ్యండి.

భాష దగ్గర అందరూ పప్పులో కాలేస్తారు. "తెలుగు" అని ఎంచుకుంటే తెలుగువాళ్ళు దొరుకుతారనుకుంటారు. అది చూసేది ప్రధానంగా యాప్ ఏ భాషలో పెట్టుకున్నారన్నది. పీజీ కుర్రాళ్ళలో ఫోన్‌ని తెలుగులో పెట్టుకునేది ఎంతమంది? ఆ గడి ఖాళీగా వదిలేసి, తెలుగుని వీడియోలోనే పెట్టండి. మొదటి రెండు సెకన్లలో పెద్ద అక్షరాలతో "గోంగూర పప్పు, ఇప్పుడే దింపాం" అని, మూత తీస్తుంటే పైకొచ్చే ఆవిరి. చదవలేనివాడు పైకి తోసేస్తాడు, చదివినవాడు ఆగుతాడు. వడపోత దానంతట అదే జరుగుతుంది.

మిగతావి త్వరగా చెప్తా. "అడ్వాంటేజ్ ప్లస్ ఆడియన్స్" (ఎవరికి చూపాలో యంత్రమే ఎంచుకునే ఆప్షన్) ఆన్‌లో ఉంటే మీరిచ్చిన ఆసక్తులు, వయసు పై హద్దు దానికి సూచనలే, ఆజ్ఞలు కావు. ప్లేస్‌మెంట్లు (యాడ్ కనబడే చోట్లు) చేత్తో ఎంచుకుని ఆడియన్స్ నెట్‌వర్క్ తీసెయ్యండి. అది ఇతర యాప్‌లలో, ఆటల మధ్యలో వచ్చే యాడ్, పొరపాటున వేలు తగిలే క్లిక్కులు ఎక్కువ. లైఫ్‌టైమ్ బడ్జెట్ తీసుకుంటే గంటల వారీ షెడ్యూల్ పెట్టుకోవచ్చు: పొద్దున 11 నుంచి 1, సాయంత్రం 6 నుంచి 9. పొయ్యి ఆర్పేశాక యాడ్ ఎందుకు? ఒకే యాడ్ సెట్ (ఒకే రకం సెట్టింగులతో నడిచే యాడ్‌ల గుంపు), అందులో రెండు మూడు వీడియోలు. ఒక యాడ్ సెట్ కుదురుకోవడానికి వారంలో సుమారు 50 ఫలితాలు కావాలంటుంది మెటాయే. మీ బడ్జెట్‌కి ఆ అంకె అందడం కష్టం కాబట్టి ముక్కలు చెయ్యొద్దు, రోజూ కెలకొద్దు. పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ నేర్చుకోవడం మొదటికొస్తుంది.

మ్యాపులో_చుక్క

శాస్త్రిగారు చెప్పిన సెట్టింగులు సరిగ్గానే ఉన్నాయండీ, వరస మాత్రం ఒప్పుకోను. ఇన్‌స్టాలో ఉన్నవాడికి ఆకలి వేస్తోందో లేదో ఎవరికీ తెలియదు. గూగుల్‌లో "దగ్గర్లో కర్రీ పాయింట్" అని కొట్టినవాడు అన్నం వార్చి కూర్చున్నాడు. ముందు వాడి సంగతి చూడాలి.

దానికి మొదటి మెట్టు ఉచితం: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. పేరు దగ్గర బోర్డు మీద ఉన్నదే రాయండి. "బెస్ట్ ఆంధ్రా కర్రీ పాయింట్ మారతహళ్ళి" అని పేరులో సాగదీస్తే నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ అయితే బయటికి లాగడం పెద్ద తలనొప్పి. ప్రధాన కేటగిరీ ఒకటే ఉంటుంది, అదనంగా తొమ్మిది దాకా పెట్టొచ్చు, కానీ అమ్మనివి పెట్టకండి. వెరిఫికేషన్‌కి చాలాసార్లు వీడియో అడుగుతారు. మధ్యలో ఆపకుండా ఒకే టేకులో తీయాలి: వీధి, పక్క షాపుల బోర్డులు, మీ బోర్డు, తర్వాత తాళం తీసి లోపలికి వెళ్ళడం, వంట సామాను. ఆ తాళం తీసేదే ముఖ్యం, దుకాణం మీదేనని దాంతోనే నమ్ముతారు. మధ్యాహ్నం 3 నుంచి 6 దాకా మూసేస్తే సమయాలు రెండు ముక్కలుగా ఇవ్వండి. మూసిన షట్టర్ చూసి వెనక్కి పోయినవాడు ఒక్క స్టార్ కొట్టిపోతాడు. ఫోటోల్లో కూరల ట్రేలు, రేట్ల బోర్డు తప్పనిసరి.

రివ్యూలకి లింకు ఇచ్చి అడగొచ్చు. "5 స్టార్ ఇస్తే పెరుగు పచ్చడి ఫ్రీ" అనడం మాత్రం కుదరదు, అలా వచ్చినవి తీసేస్తారు.

ఇక డబ్బు పెట్టే యాడ్. గూగుల్ యాడ్స్‌లో కొత్త ఖాతా తెరిస్తే "స్మార్ట్" (చాలావరకు గూగులే నిర్ణయించే) దారిలోకి తోసుకుపోతుంది, ఎక్స్‌పర్ట్ మోడ్‌కి మారండి. సెర్చ్ క్యాంపెయిన్ మాత్రమే. సెర్చ్ పార్ట్‌నర్స్, డిస్‌ప్లే నెట్‌వర్క్ అని (గూగుల్ సెర్చ్ పేజీ బయట యాడ్ చూపేవి) రెండు టిక్కులు ముందే కొట్టి ఉంటాయి, రెండూ తీసెయ్యండి. లొకేషన్ ఆప్షన్స్ అనేది మడతలో దాక్కుని ఉంటుంది. అక్కడ "ఆ చోట ఉన్నవాళ్ళు లేదా ఆసక్తి చూపినవాళ్ళు" అన్నదానికి "రికమెండెడ్" అని ఉంటుంది. దాన్ని వదిలేస్తే, హైదరాబాదులో కూర్చుని మారతహళ్ళిలో పీజీలు వెతుకుతున్నవాడు కూడా మీ లెక్కలోకి వస్తాడు. "ఉన్నవాళ్ళు" మాత్రమే పెట్టండి. నా అభిప్రాయం అడిగితే, ఈ కంపెనీలు "రికమెండెడ్" అన్నచోటల్లా ఎవరికి అని అడగాలి.

కీవర్డులు ఊరికే రాస్తే బ్రాడ్ మ్యాచ్ (దగ్గరి సంబంధమున్న వెతుకులాటలకీ యాడ్ వస్తుంది) అవుతాయి, కొటేషన్ గుర్తుల్లో పెడితే ఫ్రేజ్ మ్యాచ్ (ఆ మాట అర్థం ఉన్నవాటికే). "కర్రీ పాయింట్", "ఆంధ్రా మెస్", "ఆంధ్రా కూరలు పార్శిల్" లాంటివి పది చాలు. మనవాళ్ళు తెలుగు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు, ఆ స్పెల్లింగులు రెండు మూడు రకాలు ఇవ్వండి. నెగెటివ్‌లలో (ఈ మాటలుంటే యాడ్ చూపొద్దు అనేవి) రెసిపీ, ఉద్యోగాలు, ఫ్రాంచైజీ, అమీర్‌పేట, కూకట్‌పల్లి. నెగెటివ్‌లు ఏకవచనం బహువచనం కలిపి పట్టుకోవు, "రెసిపీ"కి వేరే "రెసిపీస్"కి వేరే రాయాలి. వారానికోసారి సెర్చ్ టర్మ్స్ రిపోర్టు చూడండి, మీ డబ్బు ఏ మాటల మీద పోయిందో అక్కడ నగ్నంగా కనిపిస్తుంది.

రోజుకి 150 అని పెడితే ఒక రోజు 300 దాకా లాగొచ్చు, కంగారు పడకండి. నెల మొత్తం మీద 150ని 30.4తో గుణించినదాన్ని దాటదు. ఆటో అప్లై రికమెండేషన్స్ (గూగుల్ సూచనలు వాటంతట అవే అమలయ్యేది) ఆపెయ్యండి. తర్వాత "మీ ఆప్టిమైజేషన్ స్కోరు 62 ఉంది, 100 చేద్దాం" అని మెయిళ్ళు, ఫోన్లు వస్తాయి. ఆ స్కోరుకీ యాడ్ ర్యాంకుకీ (మీ యాడ్ ఏ వరసలో వస్తుందన్నది) సంబంధం లేదు. బడ్జెట్ పెంచినా ఆ స్కోరు పెరుగుతుంది, అదీ కథ.

రీలుకింత_రేటు

8,000 రీల్ విషయం ఒక్కటే చెప్తాను. ఫాలోవర్లు ఎంతమంది అని అడగొద్దు. ఇన్‌సైట్స్‌లో (చూసేవాళ్ళ లెక్కలుండే చోటు) టాప్ సిటీలు, వయసులు చూపిస్తూ స్క్రీన్ రికార్డింగ్ పంపమనండి. స్క్రీన్‌షాట్ కాదు, అది ఎడిట్ చెయ్యడం రెండు నిమిషాల పని. తెలుగు ఫుడ్ పేజీల్లో చూసేవాళ్ళు హైదరాబాదు, విజయవాడ, వైజాగ్‌లలో ఉంటే లక్ష వ్యూస్ వచ్చినా మీ కౌంటర్ దగ్గర ఒక్క సంచీ కదలదు.

తక్కువకి ఒప్పుకునే చిన్న పేజీ దొరికితే బేరం ఇలా పెట్టండి: వీడియో తీసినందుకు ఇంత, దాన్ని మూడు నెలలు యాడ్‌గా వాడుకునే హక్కుకి ఇంత, రాతపూర్వకంగా. తర్వాత వాళ్ళ హ్యాండిల్ మీదే పార్ట్‌నర్‌షిప్ యాడ్‌గా, శాస్త్రి చెప్పిన 1 కిలోమీటరు పిన్‌లకి నడపండి. వాళ్ళ ముఖం, మీ వీధి.

పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ అని ముందే కనబడాలి, క్యాప్షన్ చివర హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచడం కాదు. యాడ్స్ ప్రమాణాల మండలి ఆస్కీ 2021లోనే నియమాలు పెట్టింది, వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చింది. ఫ్రీగా భోజనం పెట్టినా చెప్పాల్సిందే. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. "ఊరికే వెళ్ళాను బ్రో, మైండ్ పోయింది" టైపు స్క్రిప్టు ఇస్తే ఒప్పుకోకండి.

మున్నెకొళాల_మూలమీద

చాలా థాంక్స్ అందరికీ. రెండు ప్రశ్నలు. గూగుల్ నుంచి వచ్చాడా, ఇన్‌స్టా నుంచి వచ్చాడా అని వాట్సాప్‌లో ఎలా తెలుస్తుంది? వచ్చిన నంబర్లన్నీ ఒక గ్రూపులో వేసి రోజూ మెనూ పెట్టొచ్చా?

మ్యాపులో_చుక్క

వాట్సాప్ లింకులో ముందే రాసిపెట్టిన మెసేజ్ ఇవ్వొచ్చు. గూగుల్ లింకుకి "ఈరోజు కూరలేంటి?", ఇన్‌స్టా యాడ్‌కి "మెనూ పంపండి", పార్శిల్ కవరు మీద క్యూఆర్‌కి "మళ్ళీ ఆర్డర్". ఏ వాక్యంతో వస్తే ఆ దారి. బిజినెస్ యాప్‌లో లేబుళ్ళు ఉంటాయి, వచ్చిన రోజే తగిలించండి, నెలాఖరున గుర్తుండదు.

లెక్క ఇలా వెయ్యండి. ఉదాహరణకి సగటు ఆర్డర్ 150, అందులో 50 మిగులుతుందనుకుందాం. ఒక కొత్త గిరాకీని తేవడానికి 100 ఖర్చయితే రెండో ఆర్డర్‌కి చెల్లుకి చెల్లు. రెండోసారి రాకపోతే తప్పు యాడ్‌ది కాదు, పులుసుది.

గ్రూపు వద్దండీ. ఒకరి నంబరు అందరికీ కనబడుతుంది, లేడీస్ పీజీల నుంచి ఆర్డర్ చేసేవాళ్ళు మర్నాడే మాయమవుతారు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. లిస్టుకి 256 మంది, కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే అందుతుంది. మొదటి ఆర్డర్ ఇచ్చేటప్పుడే "నంబర్ సేవ్ చేసుకుంటే పొద్దున 10:30కి మెనూ వస్తుంది" అని చెప్పండి. అడగనివాళ్ళని చేర్చకండి, నలుగురు రిపోర్ట్ కొడితే ఖాతాకే ముప్పు.

కాగితం_పాతకాపు

10,000లో 2,000 తీసి పీజీ నోటీసు బోర్డులకి, లిఫ్టు పక్కన అంటించడానికి క్యూఆర్ కాగితాలు వేయించండి. వార్డెన్‌ని అడిగి అంటించండి, లేకపోతే సాయంత్రానికి ఉండవు. దీనికి ఆల్గారిథం లేదు, అయినా చూసేది ఆ బిల్డింగు వాళ్ళే. మిగతాది ముందు గూగుల్‌కి పెట్టి చూడండి, ఇన్‌స్టా తర్వాతి నెల.

యాడ్‌ఖర్చు_శాస్త్రి

పాతకాపు మాటకి నాకూ అభ్యంతరం లేదు. గూగుల్ ముందు అంటే సరే.

మర్చిపోయినది ఒకటి: రెండు చోట్లా టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగేది) ఇప్పుడే ఆన్ చెయ్యండి, మెటా యాడ్ ఖాతాకి ఖర్చు పరిమితి పెట్టండి. యాడ్ మొదలుపెట్టాక పేజీ ఇన్‌బాక్స్‌లోకి "కాపీరైట్ ఉల్లంఘన, 24 గంటల్లో మీ పేజీ తొలగిస్తాం, అప్పీలుకి ఇక్కడ నొక్కండి" అని నీలం టిక్కు బొమ్మతో మెసేజీలు వస్తాయి. అవి కంపెనీ నుంచి వచ్చేవి కావు. నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే మీ కార్డు మీద ఇంకెవరివో యాడ్‌లు నడుస్తాయి. నిజమైన నోటీసైతే ఖాతాలోపల సపోర్టు పేజీలో కనబడుతుంది, అక్కడ లేకపోతే డిలీట్ చేసెయ్యండి.