అప్‌డేట్: నీడ మనిషిని దాటేశాను

1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా వీడియో గేమ్‌లో పన్నెండో లెవెల్ దగ్గర ఇరుక్కుపోయానని, అక్కడ ఎదురయ్యే నా హీరోలాంటి నీడ మనిషిని ఎన్నిసార్లు పొడిచినా నా ప్రాణమే తగ్గుతోందని మొన్న అడిగాను కదా. నిన్న రాత్రి దాటేశాను. దారి చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

మీరన్నట్టే కింది బాణం కీ నొక్కి కత్తి దించాను. వాడూ దించాడు. నేను ముందుకు పరిగెత్తితే వాడూ ఎదురొచ్చాడు, ఇద్దరం ఒక్కటైపోయాం! తర్వాత అగాధం మీదికి పరిగెడితే కాళ్ల కింద ఒక్కో పలకా పుట్టుకొచ్చింది. ఒళ్లు జలదరించింది.

నాలుగో లెవెల్లో అద్దంలోకి దూకినప్పుడు బయటికొచ్చింది వీడే. అంటే ఇంతసేపూ నాతో నేనే పోట్లాడుతున్నానన్నమాట. ఆట తయారుచేసిన జోర్డాన్ మెక్నర్‌కి ఆపిల్ టూ కంప్యూటర్ మెమరీలో ఇంకో శత్రువు బొమ్మలు పెట్టడానికి చోటే మిగల్లేదట. అందుకే యువరాజు బొమ్మలనే కాస్త జరిపి, వాటి మీదే వేసి ఈ మెరిసే నీడను పుట్టించాడు. చోటు లేక చేసిన పని ఆటకే ప్రాణమైంది. నాకు ఇంతకన్నా గొప్ప శత్రువు ఏ ఆటలోనూ కనపడలేదు.

యువరాజు పరుగు, అంచు పట్టుకుని వేలాడటం కూడా గొప్పగా ఉంటాయి. మెక్నర్ తన సొంత తమ్ముణ్ణి వీడియో తీసి, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా గీశాడు. అందుకే గెంతిన ప్రతిసారీ మనిషి బరువు తెలుస్తుంది.

చివరి శత్రువు, దుష్ట మంత్రి జాఫర్‌ని ఓడించేసరికి ఆటకిచ్చిన అరవై నిమిషాల్లో నాలుగే మిగిలాయి. చివర్లో టెన్షన్‌తో చేతులు వణికాయి. ఆదివారం మా తమ్ముడితో మొదటి నుంచి ఆడిస్తాను. కత్తి దించాలని మాత్రం వాడికి చెప్పను.