క్యాప్సూల్ ఎండోస్కోపీ: చిన్న పేగు ఖాళీగా కనబడాలంటే ఏం చేయాలి?

తెల్లకాగితం: మాత్రలాంటి చిన్న కెమెరా మింగే ఈ పరీక్షకి పరగడుపున వెళ్తే చాలా, కొలనోస్కోపీకి (పెద్దపేగు పరీక్ష) చేసినట్టు పేగు కడగాలా?

రాత్రిడ్యూటీ: పరగడుపు ఒక్కటే చాలదండీ. పేగు పైభాగం ఎలాగూ బాగానే కనబడుతుంది. చివరికొచ్చేసరికే పసరు, బుడగలు, తిన్నదాని తాలూకు మడ్డి అడ్డం పడతాయి. గొట్టం ఎండోస్కోపీలో నీళ్లు చిమ్మి కడుక్కుంటూ పోతారు. క్యాప్సూల్‌కి ఆ వీలు లేదు, ఎదురుగా ఏముంటే దాన్నే ఫొటో తీస్తుంది. అందుకే చాలాచోట్ల ముందురోజు పలుచటి ద్రవాలే ఇచ్చి, సాయంత్రం 2 లీటర్ల పెగ్ (పాలీఎథిలీన్ గ్లైకాల్, విరేచనాలతో పేగు కడిగే మందు) ద్రావణం తాగిస్తారు. మింగే ముందు 10–12 గంటలు తిండి బంద్. ఎరుపు, ఊదా రంగు పానీయాలు వద్దు, రక్తమేమోనని భ్రమపెడతాయి.

పేగుబాట: ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే: రక్తహీనతకి కారణం వెతకడానికి పరీక్ష రాస్తారు, దానికి వాడే ఐరనేమో గోడకి నల్లగా పట్టుకుని ఆ కారణాన్నే కప్పేస్తుంది. మల్టీవిటమిన్ డబ్బా మీద కూడా ఐరన్ ఉందేమో చూడండి. బుడగలు విరగడానికి మింగే ముందు సిమెథికోన్ ఇస్తారు.

తెల్లకాగితం: షుగర్ ఉన్నవాళ్లు?

రాత్రిడ్యూటీ: ఉపవాసంలో మామూలు డోసు వేస్తే షుగర్ పడిపోతుంది, ఆ రోజు డోసు డాక్టర్‌తో రాయించుకోండి. పాత షుగర్‌లో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. బ్యాటరీ ఉండేదే 8–12 గంటలు, అందులో సగం కడుపులోనే తిరిగితే ఇక చూసేదేముంది? గంటకోసారి లైవ్‌లో చూసి, దాటకపోతే కడుపుని కదిలించే మందు ఇస్తారు.

ఇరుకుదారి: క్రోన్స్ (దీర్ఘకాలం ఉండే పేగువాపు జబ్బు), పేగు ఆపరేషన్, పొత్తికడుపుకి రేడియేషన్, ఏళ్లతరబడి నొప్పి మాత్రలు... వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలండీ. క్యాప్సూల్ దాదాపు 26 మిల్లీమీటర్ల పొడవు, 11 వెడల్పు. పేగు సన్నబడిన చోట ఇరుక్కుంటే తీయడానికి ఆపరేషన్ దాకా పోవచ్చు. అనుమానముంటే ముందు కరిగిపోయే డమ్మీ క్యాప్సూల్ మింగిస్తారు.

తెల్లకాగితం: బెలూన్ ఎంటరోస్కోపీకీ (బెలూన్ ఉన్న గొట్టంతో చిన్న పేగు చూసే పరీక్ష) ఇదేనా?

పేగుబాట: కాదు. నోటి నుంచైతే ఉపవాసం, కింద నుంచైతే కొలనోస్కోపీలా పూర్తిగా కడగాలి. మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి కావాలి. రక్తం పలచబరిచే మందులు సొంతంగా ఆపొద్దు.

రాత్రిడ్యూటీ: క్యాప్సూల్ మింగాక సాధారణంగా 2 గంటలకి నీళ్లు, 4 గంటలకి తేలికపాటి ఆహారం. ఫొటోలు అందుకునే సెన్సర్లు, రికార్డర్ ఉన్న బెల్టు విప్పొద్దు, పొట్టకి లోషన్ రాస్తే సెన్సర్లు అంటుకోవు. క్యాప్సూల్ బయటికొచ్చిందని ఖాయమయ్యేదాకా ఎమ్మారై గదిలోకి అడుగు పెట్టొద్దు.