ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఐరోపా నగరాల్లో జట్లు పెట్టాలా? రష్యా లీగ్ కేహెచ్‌ఎల్ గతి చూశాక కూడానా?

చలికోటు:
ఐరోపాలో కొత్త బాస్కెట్‌బాల్ లీగ్ పెట్టే ఆలోచన ఉందని ఎన్‌బీఏ 2025 మార్చిలో ప్రకటించినప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న తొలుస్తోంది. వాళ్ళకున్న తెగువ ఐస్ హాకీ పెద్దలకు ఎందుకు లేదు? అమెరికా, కెనడాల్లో నడిచే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు 32 జట్లు. ఆటగాళ్ళలో నాలుగో వంతుకు పైగా ఐరోపా వాళ్ళే. 2017 నుంచి గ్లోబల్ సిరీస్ పేరుతో స్టాక్‌హోమ్, హెల్సింకి, ప్రాగ్, టాంపెరె లాంటి చోట్ల మ్యాచ్‌లు పెడుతున్నారు. అవి ప్రదర్శన మ్యాచ్‌లు కావు, పాయింట్ల పట్టికలో లెక్కకొచ్చే అసలు మ్యాచ్‌లే.

నేను ఉండేది ఫిన్లండ్‌లోని టాంపెరెలో. 2024 నవంబరులో ఫ్లోరిడా, డల్లాస్ జట్లు వచ్చాయి. ఫ్లోరిడా కెప్టెన్ బార్కోవ్ పుట్టింది ఈ ఊళ్ళోనే, అంతకు ముందు జూన్‌లోనే ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. ఇక ఊరు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. ట్రాముల్లో, కాఫీ దుకాణాల్లో వేరే మాట లేదు.

నా ప్రతిపాదన ఇది. స్టాక్‌హోమ్, హెల్సింకి, ప్రాగ్, బెర్లిన్, కొలోన్, జ్యూరిక్. ఆరు జట్లతో ఒక ఐరోపా విభాగం. ఎక్కువ మ్యాచ్‌లు తమలో తాము ఆడుకోవాలి, ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే అట్లాంటిక్ దాటాలి. పెద్ద హాళ్ళు ఉన్నాయి, ఆట తెలిసిన జనం ఉన్నారు, డబ్బూ ఉంది. ఇంకా దేనికోసం ఆగాలి?

లెక్కల పుస్తకం:
ఏడాదికి రెండు మ్యాచ్‌లు చూపించి ఊరంతా ఎగబడింది అనడం తేలిక. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఏళ్ళ తరబడి సొంతగడ్డ మీద ఆడుతూ వచ్చింది సీజన్‌కు 41 మ్యాచ్‌లు. మంగళవారం రాత్రి, బయట మంచు కురుస్తుంటే, పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుతో ఆడే ముప్పయ్యో మ్యాచ్‌కు ఎంతమంది వస్తారు? అసలు లెక్క అక్కడుంది.

ఈ ప్రయోగం ఇంతకు ముందు జరగలేదన్నట్టు మాట్లాడుతున్నారు. రష్యా వాళ్ళ కేహెచ్‌ఎల్ 2008లో మొదలైంది, మొదటి రోజు నుంచే రీగా, మిన్స్క్ అందులో ఉన్నాయి. 2011లో స్లొవాకియాలోని పోప్రాద్‌లో లెవ్ అనే జట్టు చేరింది. ఒక్క సీజనే. మరుసటి ఏడాది అదే పేరుతో ప్రాగ్‌లో తేలింది. 2012లో బ్రాటిస్లావా నుంచి స్లొవాన్, 2013లో జాగ్రెబ్ నుంచి మెద్వెష్‌చాక్, 2014లో హెల్సింకి నుంచి యోకెరిత్ వచ్చాయి. ఇప్పుడు ఆ లీగ్‌లో వీటిలో మిగిలింది మిన్స్క్ ఒక్కటే.

చలికోటు:
కేహెచ్‌ఎల్‌ను దీనితో ముడిపెట్టకండి. దాని వెనక ఉన్నది రష్యా రాజకీయం, చమురు, గ్యాస్ డబ్బు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ మీద దాడి మొదలైన రోజుల్లోనే యోకెరిత్, ఆ వెంటనే రీగా తప్పుకున్నాయి. అది యుద్ధం చేసిన పని. హాకీ ఓడిపోలేదు.

లెక్కల పుస్తకం:
యోకెరిత్, రీగా విషయంలో ఒప్పుకుంటాను. మిగతావి యుద్ధానికి ముందే పోయాయి కదండీ. మెద్వెష్‌చాక్ 2017లో, స్లొవాన్ 2019లో బయటికొచ్చాయి. స్లొవాన్ తొలి సీజన్‌లో పదివేల సీట్ల హాలు దాదాపు నిండేది. అయినా చివరికి ఆటగాళ్ళ జీతాల బకాయిలు పత్రికలకెక్కాయి.

అన్నిటికంటే విచిత్రం ప్రాగ్‌ది. 2014 ప్లేఆఫ్‌లలో లెవ్ మొదట జాగ్రెబ్‌ను ఓడించింది, తర్వాత దొనెత్స్క్‌ను ఓడించింది, ఆపైన యారోస్లావ్ల్‌ను కూడా దాటి కేహెచ్‌ఎల్ విజేతకిచ్చే గగారిన్ కప్ ఫైనల్ చేరింది. ఫైనల్‌కు ప్రాగ్ ఓ2 హాలులో పదిహేడు వేల మందికి పైగా కూర్చున్నారు. ఏడో మ్యాచ్ దాకా పోరాడి మాగ్నితోగోర్స్క్ చేతిలో ఓడింది. అదే వేసవిలో డబ్బులేక జట్టు మూతపడింది! ఫైనల్ చేరిన జట్టు, నిండిన హాలు, మూడు నెలలు తిరగకుండానే తాళం. దీన్ని రాజకీయం అంటారా, వ్యాపారం తెలియకపోవడం అంటారా?

ఉప్పల్ గ్యాలరీ:
నేను క్రికెట్ మనిషిని, హాకీ అంటే నాకు గడ్డి మీద ఆడేదే. అయినా ఒక అనుమానం. మన ఐపీఎల్‌లోనూ ఇలాంటివి జరిగాయిగా? కొచ్చి టస్కర్స్ 2011లో ఒక్క సీజన్ ఆడి మాయమైంది. మా డెక్కన్ చార్జర్స్ 2009లో, అదీ దక్షిణాఫ్రికాలో జరిగిన టోర్నీలో కప్పు కొట్టి, 2012 తర్వాత రద్దయింది. మరుసటి ఏడాదే సన్‌రైజర్స్ పేరు మీద హైదరాబాద్ మళ్ళీ గ్రౌండ్‌లోకి దిగింది, జనం మళ్ళీ వచ్చారు. ఒక జట్టు మునిగినంత మాత్రాన ఊరు పనికిరాదని ఎలా అంటాం?

బెంచి చివర:
ఉప్పల్ గ్యాలరీ గారు అసలు ముడి దగ్గరికి తెచ్చారు. ఐపీఎల్ వచ్చేనాటికి హైదరాబాద్‌లో నగరం పేరుతో ఏటా డజన్ల కొద్దీ మ్యాచ్‌లు ఆడే, వేలమంది టికెట్టు కొని చూసే వృత్తి క్రికెట్ క్లబ్బు లేదు. రంజీ జట్టు ఉంది కానీ దానికి గ్యాలరీ నిండేది కాదు. అంటే ఖాళీ స్థలంలో ఇల్లు కట్టారు. ఐరోపా నగరాల్లో ఆ ఖాళీ స్థలం ఎక్కడుంది?

హెల్సింకినే తీసుకోండి. అక్కడ పాత వైరం రెండు జట్ల మధ్య: ఐఎఫ్‌కే, యోకెరిత్. ఒకే ఊరు, తాతల నాటి పగలు, ఆఫీసులో పక్క పక్క కుర్చీల్లో కూర్చునే వాళ్ళ మధ్య పందాలు. యోకెరిత్ 2014లో ఫిన్లండ్ లీగ్ వదిలి కేహెచ్‌ఎల్‌కు వెళ్ళగానే ఆ డెర్బీ ఆగిపోయింది. అక్కడ ఉన్న ఎనిమిదేళ్ళూ అంతే. దాని బదులు యోకెరిత్ అభిమానికి దొరికింది ఏమిటి? సెయింట్ పీటర్స్‌బర్గ్‌తో మ్యాచ్ అంటే బాగానే ఉండేది, 2017 డిసెంబరులో హెల్సింకి నడిబొడ్డున ఆరుబయట రింక్ వేసి మరీ ఆడారు. కానీ రష్యా తూర్పు కొస నుంచి ఖబరోవ్‌స్క్ వచ్చిందంటే ఎవరికి ఏం పట్టింది? వాళ్ళ అభిమాని ఒక్కడు కూడా ఎదుటి గ్యాలరీలో ఉండడు. తిట్టడానికి మనిషి లేని మ్యాచ్ ఏం మ్యాచ్?

చివరికి 2022లో లీగ్ పోయింది, హాలు కూడా పోయింది. ఆ హాలులో రష్యన్ ధనికులకు వాటా ఉండటంతో ఆంక్షల దెబ్బకు ఏళ్ళ తరబడి మూసేశారు. జాతీయ ఛాంపియన్‌గా పలుమార్లు గెలిచిన యోకెరిత్ 2023లో ఫిన్లండ్ రెండో అంచె నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

స్వీడన్ సంగతి ఇంకా గట్టిది. అక్కడ క్లబ్బులో మెజారిటీ ఓట్లు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. డబ్బున్న వాడు వచ్చి జట్టును కొనేసి మరో ఊరికి తరలించడం కుదరదు. పైగా కింది అంచెలో గెలిచిన జట్టు పైకి, పై అంచెలో ఓడిన జట్టు కిందికి. యూర్గోర్డెన్ అంతటి పేరున్న స్టాక్‌హోమ్ జట్టు 2022లో రెండో అంచెకు పడిపోయింది. 2025లో మళ్ళీ పైకి వచ్చేదాకా దేశ రాజధానికి పై లీగ్‌లో ఒక్క జట్టూ లేదు!

చలికోటు:
మంచిది, మీ నోటితోనే చెప్పారు. మూడేళ్ళు రాజధానిలో పై అంచె హాకీ లేదు. పద్నాలుగు వేల మంది పట్టే పెద్ద గుండ్రటి హాలు ఊళ్ళో నిలబడి ఉంది. ఇది ఖాళీ స్థలం కాకపోతే మరేమిటి?

బెంచి చివర:
ఆ మూడేళ్ళూ యూర్గోర్డెన్ రెండో అంచెలో ఆడుతుంటే కూడా వేలమంది వెళ్ళారు. మా జట్టు పడిపోయింది కాబట్టి లాస్ ఏంజలెస్ నుంచి వచ్చిన మరో జట్టును చూస్తాం అని ఎవరూ అనుకోలేదు. ఖాళీ అయింది పట్టికలో స్థానం, మనసులో కాదు.

పక్కా టికెట్టు:
నేను ప్రాగ్‌లో ఏడేళ్ళుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నా. ఇక్కడ స్పార్టా, స్లావియా క్లబ్బుల పేర్లు పిల్లలకు తల్లిదండ్రులు అంటిస్తారు. లెవ్ ఆడిన రోజుల గురించి మా ఆఫీసులో పాతవాళ్ళను అడిగితే, ఆట గొప్పగా ఉండేది, ఫైనల్‌కు నేనూ వెళ్ళాను అంటారు. కండువా ఉందా అంటే నవ్వుతారు. ఆట చూడటానికి వెళ్ళారు, జట్టు కోసం వెళ్ళలేదు. అయితే ఈ ఒక్క కారణంతో చలికోటు గారి ప్రతిపాదన కొట్టిపారేయలేను. ఎన్‌హెచ్‌ఎల్ అంటే ఇక్కడివాళ్ళకు రష్యా లీగ్ కాదు, తమ చెక్ ఆటగాడు యాగర్ ఆడిన లీగ్. ఆ మోజు వేరు.

లెక్కల పుస్తకం:
మోజుకు ధర వేద్దాం. లాస్ వేగాస్ 2017లో లీగ్‌లో చేరడానికి కట్టిన ప్రవేశ రుసుము 50 కోట్ల డాలర్లు. 2021లో సియాటిల్ కట్టింది 65 కోట్లు. ఇంత పోసిన యజమాని దాన్ని ఎలా రాబట్టుకుంటాడు? టికెట్టు, టీవీ, ప్రకటనలు. టీవీ మాటే చూడండి. న్యూయార్క్‌లో సాయంత్రం ఏడుకు మ్యాచ్ మొదలైతే హెల్సింకిలో తెల్లవారుజామున రెండు. హెల్సింకిలో ఏడుకు మొదలైతే న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండు, లాస్ ఏంజలెస్‌లో ఉదయం తొమ్మిది. పని రోజున ఏ అమెరికా ఛానెల్ దానికి పెద్ద మొత్తం ఇస్తుంది?

ప్రయాణం సంగతి జాగ్రెబ్ వాళ్ళను అడగండి. చలికాలంలో జాగ్రెబ్‌కు, అదే కేహెచ్‌ఎల్‌లో ఆడే వ్లాదివోస్తోక్‌కు మధ్య తొమ్మిది గంటల తేడా. వెళ్ళి ఆడి వచ్చేసరికి పగలేదో రాత్రేదో తెలియదు.

ఉప్పల్ గ్యాలరీ:
జాగ్రెబ్ అంటే క్రొయేషియా కదా? ఫుట్‌బాల్ దేశంలో హాకీకి అసలు జనం ఎలా వచ్చారు?

బెంచి చివర:
ఈ చర్చ మొత్తంలో నాకు ఇష్టమైన ఊరు అదే. మెద్వెష్‌చాక్ కేహెచ్‌ఎల్‌కు ముందు 2009 నుంచి ఆస్ట్రియా లీగ్‌లో ఆడేది. ఆటలు జరిగేది దోమ్ స్పోర్తోవాలో, ఆరున్నర వేల మంది పట్టే పాత హాలు, పైకప్పు కింద అరుపులు గింగిరాలు తిరిగేవి. 2012 సెప్టెంబరులో పులా అనే సముద్రపు ఊళ్ళో రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ రంగస్థలం మధ్యలో మంచు పరిచి రెండు మ్యాచ్‌లు ఆడారు. ఒకటి లూబ్లియానాతో, ఇంకొకటి వియన్నాతో. ఒకప్పుడు గ్లాడియేటర్లు తలపడిన నేల మీద గోల్‌కీపర్లు! ఆ పిచ్చి ఆలోచన ఎవరికి వచ్చిందో కానీ చేతులెత్తి దండం పెట్టాలి.

ఆ ఊపులోనే 2013లో పెద్ద లీగ్‌కు ఎగిరారు. మొదటి ఏడాదే ప్లేఆఫ్‌లు చేరారు. నాలుగేళ్ళలో ఖర్చు మోయలేక 2017లో ఆస్ట్రియా లీగ్‌కు తిరిగొచ్చారు. అప్పటికే సత్తువ అయిపోయింది. 2019 జనవరిలో సీజన్ మధ్యలోనే జట్టు ఆగిపోయింది. లూబ్లియానాకు బస్సులో రెండు గంటలు పట్టే దూరం. అక్కడి నుంచి వచ్చే అభిమానులతో కేకలు వేసుకుంటూ బతికినంత కాలం బాగానే బతికింది ఆ జట్టు.

విస్తరణ వద్దని నేను అనడం లేదు, చలికోటు గారూ. ఆస్ట్రియా లీగ్ చేసిందీ విస్తరణే. స్లొవేనియా నుంచి యెసెనిత్సె, లూబ్లియానా, హంగరీ నుంచి సేకెష్‌ఫెహెర్వార్, చెక్ నుంచి జ్నోయ్‌మో, ఇటలీ నుంచి బోల్జానో వచ్చాయి. బోల్జానో 2013లో చేరి మొదటి సీజన్‌లోనే కప్పు కొట్టింది, 2018లో మళ్ళీ కొట్టింది. వీటిలో దేన్నీ ఎవరూ కొత్తగా పుట్టించలేదు. ఉన్న క్లబ్బు, ఉన్న హాలు, ఉన్న అభిమానులు అలాగే లోపలికి వచ్చారు. సరిహద్దు దాటడానికి రాత్రి బస్సు చాలు.

లెక్కల పుస్తకం:
అందులోనూ అందరూ నిలవలేదు. యెసెనిత్సె 2012లో డబ్బు లేకనే తప్పుకుంది. కాబట్టి దాన్ని మరీ ఆకాశానికెత్తకండి. తేడా ఒక్కటే, చిన్న లీగ్‌లో పడితే తగిలే దెబ్బ చిన్నది.

చలికోటు:
అందరూ నన్ను ఒక మూలకు తోసేశారు, పరవాలేదు. కానీ ఒక మాట. 2009 సెప్టెంబరులో జ్యూరిక్‌లో ఐరోపా విజేత జెడ్‌ఎస్‌సీ లయన్స్ చికాగో బ్లాక్‌హాక్స్‌ను 2–1తో ఓడించింది. అదే చికాగో ఆ సీజన్ చివర స్టాన్లీ కప్ గెలిచింది. అంటే ఆట స్థాయిలో ఆ ఊళ్ళు మరీ దూరంగా లేవు. బెంచి చివర గారి లెక్కనే తీసుకుందాం. కొత్త జట్టు వద్దు. జ్యూరిక్, కొలోన్ లాంటి చోట్ల ఉన్న క్లబ్బులనే ఎన్‌హెచ్‌ఎల్ తనలోకి తీసుకుంటే? కొలోన్ హాలులో పద్దెనిమిది వేల సీట్లు. ఐరోపాలో అత్యధికంగా జనం వచ్చే జట్లలో కొలోన్ షార్క్స్ ఒకటి. అభిమానులు సిద్ధంగా ఉన్నారు, కండువాలు కూడా ఉన్నాయి.

పక్కా టికెట్టు:
అప్పుడు డ్యూసెల్‌డోర్ఫ్‌తో ఉన్న పాత వైరం ఏమవుతుంది? రైన్ నది ఒడ్డున ఆ రెండు ఊళ్ళూ బీరు దగ్గర నుంచి పడవు. 2025లో డ్యూసెల్‌డోర్ఫ్ రెండో అంచెకు పడేదాకా ఆ హాలు ముందుగా నిండేది ఆ రెంటి మ్యాచ్‌కే. డ్యూసెల్‌డోర్ఫ్‌ను కూడా తీసుకుంటారా? మరి మాన్‌హైమ్ ఊరుకుంటుందా?

చలికోటు:
మాన్‌హైమ్‌ను కూడా తీసుకుందాం.

లెక్కల పుస్తకం:
అయితే జర్మనీ లీగ్ మొత్తాన్ని కొంటున్నారన్నమాట. ఆ 65 కోట్లు ఎన్ని రెట్లవుతాయో మీరే వేయండి, నా క్యాలిక్యులేటర్ పక్కన పెట్టేశాను.