ఆరుద్ర నక్షత్రం పేలితే బ్లాక్ హోల్ అయి భూమిని మింగేస్తుందా? మా పాప రెండ్రోజుల్నించి నిద్రపోవట్లేదు

డాబా_మీద:

అందరికీ నమస్తే. సంక్రాంతికి పిల్లని తీసుకుని మా అమ్మ వాళ్ళ ఊరొచ్చాను, తెనాలి దగ్గర పల్లెటూరు. మొన్న రాత్రి కరెంటు పోతే అందరం డాబా ఎక్కి చాపలేసుకున్నాం. మా పాప ఐదో క్లాసు, తూర్పు వైపు ఎర్రగా ఉన్న చుక్కొకటి చూపించి అదేంటి అమ్మమ్మా అంటే మా అమ్మ అదేనమ్మా ఆరుద్ర, ఆరుద్ర కార్తె అంటామే ఆ చుక్క అని చెప్పింది. అక్కడితో ఆగితే బాగుండేది, మా తమ్ముడు వెంటనే ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు, అందులో ఈ ఏడే ఆరుద్ర పేలిపోతుంది, పేలి బ్లాక్ హోల్ అయిపోయి సూర్యుణ్ణి భూమిని అన్నిటినీ లాగేసుకుంటుంది అని వెనకాల మ్యూజిక్ పెట్టి మరీ చెప్తున్నాడు.

అంతే, ఇంక చూడండి. పాప డాబా ఎక్కనంటోంది, రాత్రి తూర్పు కిటికీ మూస్తే గానీ పడుకోనంటోంది, మూసినా అమ్మమ్మ కొంగు గుప్పిట్లో పట్టుకునే పడుకుంటోంది. ఏం కాదులే అని నేనంటే "నీకెలా తెలుసు" అని అడిగింది, నిజంగానే నాకు తెలీదు, నేను కామర్స్ చదివాను. ఊరికే సర్ది చెప్పకుండా నిజం చెప్పాలనుంది. అది నిజంగా పేలుతుందా? పేలితే మనకేమవుతుంది? వీడియో కింద ఇంకొకాయన అది ఎప్పుడో పేలిపోయి ఉండొచ్చు, మనకి కనపడేది పాతది అని రాశాడు, అదెలా? మన సూర్యుడు కూడా ఎప్పటికైనా బ్లాక్ హోల్ అవుతాడా? తెలిసినవాళ్ళు కొంచెం విడమర్చి చెప్పండి ప్లీజ్.

ఖమ్మం_సైన్స్‌సార్:

అమ్మా, నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను, మా పిల్లలూ ఇలాంటి వీడియోలు చూసొచ్చి ఇదే అడుగుతుంటారు, అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా పాపకి చదివి వినిపించండి.

ఆరుద్ర ఒకరోజు పేలడం నిజం. ఈ ఏడే అన్నది అబద్ధం. శాస్త్రవేత్తల లెక్క ప్రకారం ఇంకో లక్ష ఏళ్ళ లోపు ఎప్పుడైనా పేలొచ్చు. లక్ష ఏళ్ళంటే మనకి ఎక్కువ గానీ నక్షత్రానికి చాలా తక్కువ, అందుకే వాళ్ళు "త్వరలో" అంటారు, ఆ త్వరలో అన్న మాటని పట్టుకుని వీడియోలవాళ్ళు ఈ ఏడే అని చెప్పేస్తారు.

ఈ పుకారు మొదలైంది 2019 చివర్లో. ఆ అక్టోబరు నుంచి 2020 ఫిబ్రవరి దాకా ఆరుద్ర మామూలు కంటి చూపుకే తెలిసేంతగా మసకబారింది, ఇంక పేలబోతోంది అనుకున్నారు. తర్వాత పెద్ద టెలిస్కోపులతో చూస్తే తేలిందేంటంటే, అది తన ఒంట్లోంచి పెద్ద వాయువు ముద్ద ఒకటి బయటికి చిమ్మింది, ఆ ముద్ద చల్లారి ధూళిగా మారి సరిగ్గా మనకీ దానికీ మధ్య అడ్డం పడింది, దానికి తోడు పైభాగంలో కొంత మేర చల్లబడింది కూడా. కట్టెల పొయ్యి ముందు పొగ అడ్డమొస్తే మంట కనపడనట్టు. కొన్ని నెలలకి మళ్ళీ మామూలైంది.

ఇక ఎందుకు పేలుతుంది అంటే, ఏ నక్షత్రంలోనైనా ఎప్పుడూ ఒక తోపులాట జరుగుతుంటుంది, తన బరువు తనని లోపలికి నొక్కుతుంటే లోపల పుట్టే వేడి బయటికి తోస్తుంటుంది. ఆ వేడి హైడ్రోజన్ హీలియంగా మారడం వల్ల వస్తుంది. మన సూర్యుడు దేవుడి గూట్లో ప్రమిద లాంటివాడు, చిన్న ఒత్తి, నూనె నిదానంగా ఖర్చవుతుంది, వయసు 460 కోట్ల ఏళ్ళు, ఇంకో 500 కోట్ల ఏళ్ళు వెలుగుతాడు. ఆరుద్ర పెళ్ళి పందిట్లో పెట్రోమాక్స్ లైటు. సూర్యుడికి 15, 20 రెట్ల బరువు, నూనె ఎక్కువే ఉంది గానీ తాగేయడం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ, అందుకే కోటి ఏళ్ళ వయసుకే ముసలిదైపోయి ఉబ్బిపోయింది. ఎంత ఉబ్బిందంటే దాన్ని తెచ్చి సూర్యుడి స్థానంలో పెడితే బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు నలుగురూ దాని కడుపులోనే ఉంటారు.

హైడ్రోజన్ అయిపోయాక హీలియం, తర్వాత కార్బన్, నియాన్, ఆక్సిజన్, సిలికాన్ వరసగా మండుతాయి, ఒక్కోటీ ముందుదాని కంటే త్వరగా అయిపోతుంది, సిలికాన్ అయితే ఒక్క రోజులో అయిపోతుంది. చివరికి మధ్యలో ఇనుము మిగుల్తుంది. ఇనుము దగ్గర ఆట ఆగిపోతుంది, ఎందుకంటే ఇనుము కలిసి ఇంకోటిగా మారాలంటే వేడి ఇవ్వదు, ఉన్న వేడినే లాక్కుంటుంది. బయటికి తోసే బలం పోగానే మధ్యభాగం ఒక సెకను లోపే కూలిపోతుంది, ఆ దెబ్బకి బయటి పొరలన్నీ ఎగిరిపోతాయి. దాన్నే సూపర్‌నోవా అంటాం.

మనకేమవుతుంది అంటే ఏమీ అవదమ్మా. అది మనకి 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, కాంతి సంవత్సరం అంటే వెలుగు ఒక ఏడాదిలో వెళ్ళే దూరం. ఏ 50 కాంతి సంవత్సరాల లోపలో ఉంటే అప్పుడు భయపడాలి. పేలితే కొన్ని వారాల పాటు అర్ధచంద్రుడంత వెలుగుతో పగలు కూడా కనిపిస్తుంది, తర్వాత మెల్లగా ఆరిపోతుంది. ఇలాంటిది ఒకటి 1054లో జరిగింది, వృషభ రాశి వైపు, చైనా వాళ్ళు రాసి పెట్టారు, 23 రోజులు పట్టపగలే కనపడిందట. దాని శిథిలం ఇప్పటికీ ఉంది, క్రాబ్ నెబ్యులా అంటారు.

ఎప్పుడో పేలి ఉండొచ్చు అన్న మాట మాత్రం తప్పు కాదు. చెరువు అవతల చాకిరేవులో బట్ట బండకి తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది కదా, ఇక్కడ వెలుగే ఆలస్యంగా వస్తుంది. మొన్న మీ డాబా మీద పాప చూసిన వెలుగు అక్కడ బయల్దేరినప్పటికి హైదరాబాద్‌లో చార్మినార్ ఇంకా కట్టలేదు.

కార్తెల_రైతు:

సార్ బాగా చెప్పారు. మాది కదిరి వైపు, వేరుశెనగ వేస్తాం, నాకు సైన్స్ పెద్దగా రాదు గానీ ఆరుద్ర పేరు విని భయపడుతున్నారంటే బాధేసింది, మాకు అది వాన పేరమ్మా. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు అని మా తాత అంటుండేవాడు. జూన్ 22 ఆ ప్రాంతంలో కార్తె పెడతది, తొలకరి పడ్డాక ఇసక నేలల్లో ఎర్రటి మఖమల్ గుడ్డ చుట్టుకున్నట్టు పురుగులు బయటికొస్తాయి, ఆరుద్ర పురుగులంటాం, పిల్లలు అరచేతిలో పెట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతాయి, కాసేపాగి మళ్ళీ నడుస్తాయి. చుక్కా ఎరుపే, పురుగూ ఎరుపే.

నాకు చాలా ఏళ్ళు ఒక డౌటు ఉండేది, ఆరుద్ర కార్తెలో రాత్రి ఎంత వెతికినా ఆరుద్ర కనపడదేంటి అని. మబ్బుల వల్ల అనుకునేవాణ్ణి. మా ఊరి బడి పంతులు చెప్పాడు, కార్తె అంటే ఆ చుక్క కనపడే రోజులు కాదయ్యా, సూర్యుడు ఆ చుక్క వైపు ఉండే రోజులు, సూర్యుడితో పాటే పొద్దున వచ్చి సాయంత్రం పోతది కాబట్టి కనపడదు అని. అందుకే చలికాలంలో రాత్రుళ్ళు చూడాలి. రోళ్ళు పగిలే రోహిణి కార్తె కూడా అంతే, రోహిణి చుక్కని చూడాలంటే ఇప్పుడే చూడాల, మే నెలలో కాదు.

నైట్‌షిఫ్ట్:

సార్ మీరు పేలడం గురించి చెప్పారు గానీ బ్లాక్ హోల్ సంగతి వదిలేశారు, పాప భయం దాని గురించే కదా. 20 రెట్ల బరువున్న నక్షత్రం బ్లాక్ హోల్ అవ్వదని ఎలా చెప్తారు? సిగ్నస్ ఎక్స్-1 కూడా సూర్యుడికి 21 రెట్ల బరువే, అది బ్లాక్ హోలే కదా.

ఖమ్మం_సైన్స్‌సార్:

మంచి ప్రశ్న. సిగ్నస్ ఎక్స్-1లో ఆ 21 రెట్లు ఇప్పుడు మిగిలి ఉన్న బ్లాక్ హోల్ బరువు తమ్ముడూ, దాన్ని పుట్టించిన నక్షత్రం బరువు ఇంకా చాలా ఎక్కువ ఉండేది. నక్షత్రం పేలినప్పుడు చాలా భాగం బయటికి పోతుంది, మధ్యలో మిగిలే ముద్ద ఎంత అన్నదే లెక్క. ఆరుద్ర బరువున్న నక్షత్రాలు ఎక్కువగా న్యూట్రాన్ స్టార్ అవుతాయని అంచనా, అంటే సూర్యుడి కంటే ఎక్కువ బరువు ఒక 20 కిలోమీటర్ల ఉండలో, ఖమ్మం టౌను మీద పెడితే చుట్టుపక్కల ఊళ్ళు కూడా కప్పేస్తుంది, అంతే సైజు. క్రాబ్ నెబ్యులా మధ్యలో అలాంటిదే ఉంది, సెకనుకి 30 సార్లు తిరుగుతుంది. ఆరుద్ర బ్లాక్ హోల్ అయ్యే అవకాశం బొత్తిగా లేదని నేననను.

కానీ అయినా సరే అది మనల్ని లాగదు, పాపకి చెప్పాల్సిన అసలు ముక్క ఇది. బ్లాక్ హోల్ అంటే వెలుగు కూడా బయటికి రాలేనంతగా నొక్కుకుపోయిన ముద్ద. దాన్ని అందరూ గోదాట్లో సుడిగుండం లాగా చుట్టూ ఉన్నవన్నీ లాక్కుంటుంది అనుకుంటారు. కాదు. లాగే బలం బరువుని బట్టి, దూరాన్ని బట్టి ఉంటుంది, అంతకు మించి దాని దగ్గర ప్రత్యేకమైన ఆకలి ఏమీ లేదు. ఇవాళ ఆరుద్ర అంత బరువుతోనే ఉంది, మనల్ని లాగుతోందా? రేపు అదే బరువు చిన్న ముద్దగా నొక్కుకుపోతే లాగుడు ఎక్కడ పెరుగుతుంది? పేలినప్పుడు బరువు బయటికి పోతుంది కాబట్టి ఇంకా తగ్గుతుంది. మన సూర్యుణ్ణే తీసుకోండి, ఎవరైనా ఆయన్ని 6 కిలోమీటర్ల అడ్డంలోకి నొక్కేసి బ్లాక్ హోల్ చేసేశారనుకుందాం, చీకటీ చలీ వస్తాయి నిజమే, కానీ భూమి మాత్రం ఇప్పుడు తిరిగే దారిలోనే 365 రోజులకి ఒకసారి తిరుగుతూనే ఉంటుంది. దగ్గరికి పోతేనే ప్రమాదం.

ఆకాశంలో రుజువు కూడా ఉంది. మన పాలపుంత మధ్యలో సూర్యుడికి 40 లక్షల రెట్ల బరువున్న బ్లాక్ హోల్ ఉంది, 2022 మే 12న దాని ఫొటో విడుదల చేశారు. ఎస్2 అనే నక్షత్రం దాని చుట్టూ 16 ఏళ్ళకోసారి తిరుగుతుంది, దగ్గరికొచ్చినప్పుడు సెకనుకి 7 వేల కిలోమీటర్ల పైన పరుగెత్తి మళ్ళీ దూరంగా వెళ్ళిపోతుంది. అంత బరువైనది కూడా పక్కనున్న దాన్నే మింగలేదు. మనం దానికి 26 వేల కాంతి సంవత్సరాల అవతల ఉన్నాం.

చీకటాకాశం:

నేను 2020 జనవరిలో ఆ మసకబారడం కళ్ళతో చూశాను, టెలిస్కోప్ లేకుండా, కర్నూల్లో మా మేడ మీద. ఎలా అంటే పక్క చుక్కలతో పోల్చడమే. అక్కా, పాపతో ఇది చేయించండి, వినడం కన్నా తనే చూస్తే భయం తొందరగా పోతుంది.

రాత్రి 8 గంటలకి తూర్పు వైపు తిరిగి నిలబడండి. బాగా పైన మూడు చుక్కలు దగ్గర దగ్గరగా ఒకే గీతలో కనిపిస్తాయి, వాటిని తప్పిపోలేరు. వాటికి ఎడమ పక్క ఎర్రగా ఉండేది ఆరుద్ర, కుడి పక్క నీలంగా తెల్లగా ఉండేది రైగెల్. ఇప్పుడా మూడు చుక్కల గీతనే పైకి పొడిగించుకుంటూ వెళ్తే నారింజ రంగు రోహిణి తగుల్తుంది, ఇంకా పైకెళ్తే చిన్న చుక్కల గుంపు, పిల్లలకోడి, అదే కృత్తిక. మామూలు రోజుల్లో వెలుగు వరస ఏంటంటే రైగెల్ ఫస్ట్, తర్వాత ఆరుద్ర, తర్వాత రోహిణి. 2020 ఫిబ్రవరికి ఆరుద్ర రోహిణి కన్నా బాగా కిందకి పడిపోయి, దాని పక్కనే ఉండే బెల్లాట్రిక్స్ అనే రెండో వరస చుక్కతో సమానంగా కనపడింది, నా నోట్‌బుక్‌లో ఆ పేజీ ఇప్పటికీ ఉంది, "రోహిణి > ఆరుద్ర = బెల్లాట్రిక్స్" అని. చదువుకున్న విషయం ఎంతైనా కానీ, అంత పెద్ద నక్షత్రం ఒంట్లో జరిగే మార్పు మన మేడ మీంచి మన కంటికే తెలుస్తుందని అప్పుడు అర్థమైంది నాకు, ఆ రాత్రి చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా కిందకి దిగబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి, నిజంగా పేలే రోజున వెలుగు కన్నా ముందు న్యూట్రినోలు వస్తాయి, అంటే దేన్నైనా దాదాపు అడ్డం లేకుండా దాటిపోయే అతి చిన్న కణాలు. 1987లో పక్క గెలాక్సీలో ఒక నక్షత్రం పేలినప్పుడు వెలుగుకి కొన్ని గంటల ముందే జపాన్‌లో భూమి లోపల పెట్టిన నీళ్ళ ట్యాంకు వాటిని పట్టుకుంది. కాబట్టి వీడియోవాళ్ళ కన్నా ముందు సైంటిస్టులకే తెలుస్తుంది.

డాబా_మీద:

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి సార్ రాసింది మొత్తం చదివి వినిపించాను, సుడిగుండం కాదు అన్న దగ్గర రెండుసార్లు చదివించుకుంది. 365 రోజులు అలాగే తిరుగుతుందా, అయితే స్కూలు కూడా ఉంటుందా అని అడిగింది. తర్వాత తనే డాబా ఎక్కుదాం అంది. లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో "జనవరి 17, రైగెల్ > ఆరుద్ర > రోహిణి" అని రాసి కింద అమ్మమ్మ చేత సంతకం పెట్టించింది. కిటికీ తీసే పడుకుంది.

ఒక్కటే మిగిలింది, మన సూర్యుడి సంగతి అడుగుతోంది. ఇంకా ఆ మూడు చుక్కలకి కింద వైపు అన్నిటికన్నా బాగా మెరిసేది, రంగులు మారుతున్నట్టు కనిపించేది ఒకటుంది, అదేంటంది.

చీకటాకాశం:

అది సిరియస్ అక్కా, మన పాత పుస్తకాల్లో లుబ్ధకుడు, అంటే వేటగాడు. రాత్రి ఆకాశంలో నక్షత్రాలన్నిట్లోకీ అదే ఎక్కువ వెలుగు. కిందగా ఉన్నప్పుడు గాలి పొరలు ఎక్కువ దాటి రావాలి కాబట్టి రంగులు మారుతున్నట్టు ఉంటుంది, పదకొండు గంటలకి బాగా పైకొచ్చాక చూడండి నిలకడగా ఉంటుంది.

సూర్యుడి ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. సిరియస్ పక్కన మన కంటికి కనపడని తోడు ఒకటుంది, సూర్యుడంత బరువు, భూమంత సైజు, మంట ఆరిపోయి వేడి మాత్రం మిగిలిన నక్షత్రం. మన సూర్యుడు కూడా ముందు ఉబ్బి ఎర్రబడి, పై పొరలు రాల్చేసి, చివరికి అలాంటి తెల్లటి ముద్ద అవుతాడు. బ్లాక్ హోల్ అవ్వడానికి ఆయన బరువు చాలదు.

సిరియస్ దూరం 8.6 కాంతి సంవత్సరాలు. పాపకి పదేళ్ళనుకుంటా, నిన్న తను చూసిన వెలుగు అక్కడ బయల్దేరినప్పటికి తనకి ఏడాదిన్నర ఉంటుంది, అప్పుడే నడక నేర్చుకునే వయసు.