లే మాన్ 24 గంటల రేసు: క్లాసు గెలిచినవాళ్లు కూడా విజేతలేనా?

బురుజు (కర్నూలు):
నిన్న టీ కొట్టు దగ్గర తేలని వాదన ఇక్కడ పెడుతున్నా. 2025లో ఫ్రాన్సులోని లే మాన్‌లో 387 ల్యాపులు తిరిగి 83 నంబరు పసుపు ఫెరారీ గెలిచింది. సరే. ఆ తర్వాత ఎల్‌ఎంపీ2 అనే క్లాసులో, అంటే కార్ల విభాగంలో, ఒక జట్టు, ఎల్‌ఎంజీటీ3 అనే క్లాసులో ఇంకో జట్టు కూడా కప్పు ఎత్తుకున్నాయి. అన్ని ల్యాపులు వెనకబడినవాళ్లను విజేతలనడం నాకు మింగుడుపడదు. గెలుపు అనే మాటకు విలువ ఉండాలి.

గేర్‌బాక్స్ (అనంతపురం):
అన్నా, మీ వైపు తిరునాళ్లలో బండలాగుడు ఎట్లా పెడతారు? పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్ అని విడివిడిగా. ఇచ్చిన టైములో ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. లే మాన్‌లోనూ టైము ఖాయం, దూరమే లెక్క. సీనియర్ ఎద్దుల బండ లాగలేదని పాలపళ్ల జత రైతుకు బహుమతి ఆపుతామా?

బురుజు:
పోలిక బాగుంది తమ్ముడూ. కానీ మన బరిలోకి ఒక్కో జత విడిగా దిగుతుంది. అక్కడ అందరూ ఒకే 13.626 కిలోమీటర్ల దారిలో, ఒకేసారి తిరుగుతారు. అలాంటప్పుడు ముందున్నవాడే కదా ముందు.

పెన్నా ఒడ్డు (కడప):
ఒకే దారి కాబట్టే కష్టం ఎక్కువ సామీ. రాత్రంతా అద్దంలో హైపర్‌కార్ల, అంటే అన్నిటికన్నా వేగమైన పై క్లాసు కార్ల, లైట్లు మీదికి వస్తుంటాయి. వాటికి దారివ్వాలి, ఆ సందులో తన క్లాసు వాడు దూరిపోకుండా చూసుకోవాలి. ఎల్‌ఎంజీటీ3 జట్టులో బ్రాంజ్ గ్రేడు డ్రైవరు ఒకరు తప్పనిసరి, ఆ గ్రేడులో రేసింగే బతుకుతెరువు కానివాళ్లు ఎక్కువ. 2023లో జీటీఈ యామ్ (ఎల్‌ఎంజీటీ3కి ముందున్న క్లాసు) గెలిచిన కార్వెట్‌లో బెన్ కీటింగ్ అమెరికాలో కార్ల డీలరు. ఆ కారు మొదట్లోనే రెండు ల్యాపులు పోగొట్టుకుని మళ్లీ ముందుకొచ్చింది. అదే ఏడాది ఎల్‌ఎంపీ2లో ఫాబియో షెరర్ పాదం మీదుగా పిట్‌లో, అంటే టైర్లు, పెట్రోలు కోసం కార్లు ఆపే చోట, వేరే కారు వెళ్లింది. ఆ కాలితోనే నడిపి గెలిచాడు. దాన్ని ఏమందాం?

గేర్‌బాక్స్:
ఇంకో మాట. పైనున్న హైపర్‌కార్లకు కూడా బరువు, పవరు సర్ది అన్నింటినీ దగ్గర దగ్గరగా తెస్తారు. ఆ గెలుపు కూడా తూకం వేసి పెట్టిన పోటీలోదే. ఎల్‌ఎంపీ2లో అయితే అందరిదీ దాదాపు ఒకే ఓరెకా కారు, ఒకే గిబ్సన్ ఇంజను. తేడా అంతా డ్రైవర్లది, మెకానిక్కులది. నేను రోజూ పానాలు పట్టుకునేవాణ్ణి, నాకు ఆ క్లాసే ముఖ్యం. 1995 వానలో పై క్లాసు కాని జీటీ1 క్లాసు మెక్‌లారెన్ మొత్తం రేసే గెలిచింది, అది కూడా గుర్తుంచుకోండి.

బురుజు:
షెరర్ సంగతి తెలియదు. కానీ చివరి నిమిషంలో గెలుపు చేజారితే కలిగే బాధ పైవాళ్లకు ఉన్నంత క్లాసు వాళ్లకు ఉంటుందా? 2016లో కొన్ని నిమిషాల్లో రేసు ముగుస్తుందనగా ముందున్న టయోటా ఆగిపోయింది. అది చూసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పెన్నా ఒడ్డు:
2021 చూశావా సామీ? డబ్ల్యూఆర్‌టీ జట్టు 41 నంబరు కారు ఎల్‌ఎంపీ2లో ముందుంది, చివరి ల్యాపులో ఆగిపోయింది. గెలుపు అదే జట్టు 31 నంబరు కారుకు పోయింది. ఆగిన కారులో స్టీరింగు దగ్గర యీఫే యే, పిట్‌లో రాబర్ట్ కుబిట్సా. నువ్వు మొదట చెప్పిన పసుపు ఫెరారీలో ఫిల్ హాన్సన్‌తో పాటు గెలిచింది ఈ ఇద్దరే. నాలుగేళ్లు ఆ చివరి ల్యాపును మోసుకుని తిరిగారు. అది చిన్న గెలుపే అయితే అంత బాధ ఎందుకు?

బురుజు:
ఆ ఇద్దరూ వాళ్లేనని నాకు తట్టలేదు. సరే, క్లాసు గెలుపు గెలుపే, ఒప్పుకుంటున్నా. కానీ ‘లే మాన్ గెలిచాడు’ అని రాసేటప్పుడు క్లాసు పేరు కూడా రాయాలి. అది లేకుండా రాస్తే మాత్రం మళ్లీ వాదనకు దిగుతా.

గేర్‌బాక్స్:
రాయాల్సిందే అన్నా. మన ఊళ్లో మైకులో చెప్పేటప్పుడు కూడా ‘నాలుగు పళ్ల విభాగం మొదటి బహుమతి’ అనే చెబుతారు కదా.