"జేష్ఠమొహం" అంటే ఏ జేష్ఠ?

కాలవగట్టు:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. వర్క్ ఫ్రమ్ హోమ్ కదా అని ఇంటికొచ్చి ఉంటున్నాను. తడితువ్వాలు మంచం మీద పడేసినా, అన్నం తిని ఎంగిలిచెయ్యి ఎండిపోయేదాకా కంచం ముందు ఫోన్ చూసుకుంటున్నా మా మామ్మ నోట ఒకటే మాట: "లేవరా జేష్ఠమొహవా!" నేను పుట్టింది జ్యేష్ఠమాసంలో. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? మామ్మనడిగితే "ముందా జుట్టు దువ్వుకో" అంటుంది తప్ప చెప్పదు.

భీమవరం బుల్లోడు:
నెల ఏం పాపం చేసింది బ్రదర్! జ్యేష్ఠ పౌర్ణమే ఏరువాక పున్నమి. ఆ నెలని తిట్టే రైతు మన డెల్టాలో దొరకడు.

పాలకొల్లు టీచరమ్మ:
బాబూ, అది జ్యేష్ఠాదేవి మీద తిట్టు. పాలసముద్రం చిలికినప్పుడు లక్ష్మీదేవి కంటే ముందు పుట్టింది, అందుకే పెద్దమ్మ అని కూడా అంటారు. పద్మపురాణంలో కథ ఉంది. అక్క పెళ్లి కానిదే తను చేసుకోనని లక్ష్మి పట్టుబడితే, విష్ణువు పెద్దావిణ్ణి ఉద్దాలకుడనే మునికి కట్టబెట్టాడు. ఆశ్రమంలో వేదఘోష, హోమం పొగ ఆవిడకి అస్సలు పడలేదు. మురికి కొంప, పొద్దస్తమానం మొగుడూ పెళ్లాం కొట్టుకునే కొంప అయితేనే ఉంటానంది! ముని ఆవిణ్ణి రావిచెట్టు కింద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. చెల్లెలు శనివారం శనివారం వచ్చి చూసిపోతుందట. రావిచెట్టుని శనివారం తప్ప ముట్టుకోకూడదని మీ మామ్మగారు అనే ఉంటారు, అది ఇందుకే. నన్నడిగితే తిట్టాల్సింది ఆ మొగుణ్ణి.

చెన్నైలో గోదారోడు:
తమిళంలో ఆవిడే మూదేవి. మా ఓనరమ్మ రోజూ కొడుకుని లేపేది ఆ పేరుతోనే. కానీ ఒకప్పుడు ఇక్కడ ఆవిణ్ణి కొలిచారు కూడా. మదురై దగ్గర తిరుప్పరంకుండ్రంలో 8వ శతాబ్దంలో కొండ తొలిచి ఆవిడకి గుడి చేశారు. వాహనం గాడిద, జెండా మీద కాకి, పక్కన చీపురు.

కాలవగట్టు:
చీపురు దగ్గరే ఉంటే ఇంక మురికెందుకుంటుందండీ! ఇదే పాయింట్ మామ్మ దగ్గర తీశాను. "అయితే ఆ చీపురు నువ్వు పట్టు" అంది, వరండా అంతా ఊడ్పించింది. టీచరుగారూ, ఇంకో డౌటు. మగాళ్లని కూడా అమ్మవారి పేరుతోనే తిడతారేంటి?

పాలకొల్లు టీచరమ్మ:
తిట్టేది మొహాన్ని కదా నాయనా, దానికి ఆడా మగా ఏముంది. మా ఇంట్లో మాస్టారికి కూడా అదే.