బతుకమ్మ ఇంట్లో, అసైన్‌మెంట్ బస్తర్‌లో: ఏం చేయమంటారు?

బాటసారి_ఉప్పల్
అందరికీ నమస్తే. తొమ్మిదేళ్లుగా ట్రావెల్ వ్యాసాలు రాస్తున్నాను. పాపకు ఏడేళ్లు, బాబుకు రెండున్నర. మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం. ఒక పత్రిక బస్తర్ దసరా మీద పెద్ద వ్యాసం అడిగింది. నవరాత్రులంతా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో ఉండి రాయాలి. ఇంత పెద్ద పని రావడం నాకు ఇదే మొదలు. దాదాపు అవే రోజులు మనకు బతుకమ్మ.

ఈసారి బతుకమ్మను తనే పేరుస్తానని పాప పట్టుబట్టింది. నిన్న ఒక అట్టముక్క మీద పెన్సిల్‌తో గుండ్రాలు గీసి, అడుగున తంగేడు, దాని మీద గునుగు, ఆ పైన బంతి అని రాసుకుంది. పక్కనే "అమ్మ పట్టుకోవాలి" అని కూడా రాసింది. అది చూశాక ఎడిటర్‌కి సరే అని మెయిల్ పెట్టడానికి చెయ్యి ఆడలేదు.

పోయినేడాది నేను అలంపురంలో ఉన్న రాత్రి బాబుకు 103 జ్వరం. అత్తయ్య తెల్లవార్లూ తడిగుడ్డ వేస్తూ కూర్చున్నారట. మర్నాడు నేను వచ్చేసరికి కుర్చీలోనే నిద్రపోతున్నారు, గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. అప్పటి నుంచి రాత్రి ఉండాల్సిన పని ఏదొచ్చినా టెన్షనే. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

గునుగుపూలు
చెల్లీ, ముందు ఒక మాట. పూర్తిగా మాత్రం మానెయ్యకు. పెద్దవాడు పుట్టినప్పుడు నేను రెండేళ్లు మానేశాను. తిరిగొచ్చేసరికి నాకు తెలిసిన ఎడిటర్లు ఒక్కరూ లేరు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత నాలుగేళ్లు పొద్దున వెళ్లి రాత్రి అన్నాల వేళకు ఇల్లు చేరగలిగే ఊళ్ల మీదే రాశాను. పోచంపల్లి, కొలనుపాక, మెదక్ చర్చి, అనంతగిరి. ఒక్కో చోటికి మూడు నాలుగుసార్లు వెళ్లడంతో, ఒక్కసారి చూసి రాసేవాళ్లకు దొరకనివి నాకు దొరికాయి. రాత పని పొద్దున నాలుగున్నరకు మొదలుపెట్టి పాల ప్యాకెట్ వచ్చేదాకా. ఏ పని ఒప్పుకోవాలన్నా ముందు పిల్లల స్కూలు పరీక్షల తేదీలు చూసుకుంటాను.

పిల్లలు వెంట ఉంటే రాత చెడుతుందని నేనూ భయపడేదాన్ని. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్ప మీద ఎవరు రాసినా నీళ్లలో తేలే ఇటుకలే. నేనూ అదే రాయబోయాను. మా చిన్నది వాళ్ల నాన్న భుజాలెక్కి పైన ఉన్న మదనికల్ని, అంటే ఆ ఆడవాళ్ల శిల్పాల్ని చూస్తూ, "అమ్మా, ఈమె హీల్స్ వేసుకుంది!" అని అరిచింది. నిజమే, ఆ నల్లరాతి పాదాల కింద ఎత్తు మడమల చెప్పులు. నా వ్యాసం అక్కడే మొదలైంది.

రాత్రిరైలు
డబ్బు సంగతి నేను చెప్తాను. నాకైతే వ్యాసం అచ్చయిన రెండు మూడు నెలలకు, పది శాతం టీడీఎస్ పోను చేతికొస్తుంది. పిల్లల ఫీజు జూన్‌లోనే కట్టాలి. అందుకే అనువాదాలు కూడా చేస్తుంటాను. ప్రయాణ ఖర్చు అడ్వాన్సుగా ఇస్తేనే బయల్దేరతానని ముందే చెప్పండి, మొహమాటపడకండి. పిల్లల్ని తీసుకెళ్లాలనుకుంటే ఒక లెక్క: రైల్లో ఐదేళ్లలోపు వాళ్లకు టికెట్ అక్కర్లేదు, ఐదు నిండాక బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ.

ఇంద్రావతి
అక్కా, నేను బస్తర్ దసరాకు రెండుసార్లు వెళ్లాను. అది 75 రోజుల పండుగ, హరేలీ అమావాస్యతో మొదలవుతుంది. అక్కడ రావణ దహనం ఉండదు, అంతా దంతేశ్వరి అమ్మవారి పండుగే. మీరు బతుకమ్మ చివరి రోజు, సద్దుల బతుకమ్మ దాకా ఇంట్లోనే ఉండి, ఆ రాత్రి బస్సెక్కండి. నవమి రోజు మావలి అమ్మవారి పల్లకికి ఎదురెళ్లి స్వాగతం పలికే మావలి పర్ఘావ్, విజయదశమికి భీతర్ రైని, మర్నాడు బాహర్ రైని దొరుకుతాయి. దశమి రాత్రి రథాన్ని కుమ్‌డాకోట్ అడవికి లాక్కెళ్తారు, మర్నాడు రాజవంశీకులు వెళ్లి తిరిగి తెస్తారు. ముళ్ల ఊయల మీద పడుకున్న బాలిక పండుగకు అనుమతి ఇచ్చే కాఛన్ గాదీ మాత్రం తప్పిపోతుంది. అది సరిగ్గా మన బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల రోజే. ఆ లోటు ఉంటుంది.

మూడోఅంతస్తు
నేను రాసేదాన్ని కాదు, ఊళ్లు తిరిగి రాసిన మనిషి కూతుర్ని. నాన్న వెళ్తున్నారని మేమెప్పుడూ ఏడవలేదు. ఆదివారం వస్తానని మంగళవారం వచ్చినప్పుడు ఏడ్చాం. ఆయన కోసం అమ్మ ఎత్తిపెట్టిన పులిహోర సోమవారం పొద్దున పారబోస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. నాకు ముప్పై ఏళ్లొచ్చినా అది కళ్ల ముందే ఉంది. పాపకు తిరిగొచ్చే రోజు ఒక రోజు కలిపి చెప్పండి. ముందే వస్తే ఎగిరి గంతేస్తుంది.

బాటసారి_ఉప్పల్
ఎడిటర్‌తో మాట్లాడాను. నవమి నుంచి మూడు రోజుల మీదే రాస్తానంటే ఒప్పుకున్నారు, ఫీజు కొంత తగ్గించారు. సరే అన్నాను. అడ్వాన్సు కూడా అడిగాను, ఇస్తామన్నారు. ఆ నాలుగు రోజులు అత్తయ్యకు తోడుగా మా అమ్మ నల్గొండ నుంచి వస్తోంది. బాబుకు జ్వరం వస్తే ఏ మందు ఎంత వేయాలో డాక్టర్‌తో రాయించి ఫ్రిజ్ మీద అంటించాను.

పాపకు రాత్రి చెప్పాను. "బతుకమ్మను నీళ్లలో వేశాకే వెళ్తావు కదా?" అని మూడుసార్లు అడిగింది. దారిలో తినడానికి మలీద ముద్దలు తనే కట్టిస్తుందట. తర్వాత ఆ అట్టముక్క తెచ్చి, "అమ్మ పట్టుకోవాలి" కింద నేనొచ్చే తేదీ నా చేత్తో రాయించుకుంది. ఒక రోజు కలిపే రాశాను.